సూది మానేశాక బరువు ఏమవుతుంది?

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ చివరిసారి వేసుకున్న రోజునే ఆ మందు శరీరాన్ని వదిలిపోదు. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది, మిగిలిన సగంలో సగం తగ్గడానికి మరో వారం పడుతుంది, అలా దాదాపుగా కనుమరుగు కావడానికి ఐదు వారాలు గడుస్తాయి. అందువల్ల మానేసిన మొదటి నెలలో చాలామందికి పెద్ద తేడా తెలియదు. ఇక మందు లేకపోయినా నెట్టుకురాగలనన్న ధైర్యం కలిగేది కూడా ఆ నెలలోనే. ఆ తర్వాత ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది. నాలుగు ముద్దలతో చాలనిపించిన కడుపు మారు వడ్డించమంటుంది, భోజనం ముగిసిన గంటకే మనసు వంటింటి వైపు లాగుతుంది, ఏడాదిగా మరచిపోయిన తిండి ధ్యాస మళ్లీ పగలంతా వెంటాడుతుంది. తూకంలో అంకె కదలడం దాని తర్వాతి సంగతి. ఈ వరుస తెలియనివారు తమ నిగ్రహమే సడలిందని కుమిలిపోతారు, ఇంట్లోవారు కూడా తరచూ అదే మాట అంటారు. ఆ మాట ఎంత తప్పో వివరంగా చెప్పవలసిన సమయం వచ్చింది.

మన దేశంలో ఇదే తరహాకు చెందిన టిర్జెపటైడ్ మందు 2025 మార్చిలో మౌంజారో పేరుతోనూ, బరువు తగ్గించడానికి వాడే సెమాగ్లుటైడ్ అదే సంవత్సరం జూన్‌లో వెగోవీ పేరుతోనూ మార్కెట్‌లోకి వచ్చాయి. మౌంజారో వచ్చిన కొత్తలో వారానికి ఒక్క సూది ధర మోతాదును బట్టి 3,500 నుంచి 4,375 రూపాయల వరకు ఉండేది, అంటే నెలకు 14,000 రూపాయలకు తక్కువ కాదు. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో ముగియడంతో దేశీయ కంపెనీలు దాన్ని తయారు చేసి అమ్మేందుకు దారి తెరుచుకుంది. ధర తగ్గితే మొదలుపెట్టేవారు పెరుగుతారు, దానితోపాటు ఏదో ఒక దశలో మానేసేవారూ పెరుగుతారు. అమెరికాలో 1,25,000 మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించిన ఒక అధ్యయనంలో, మధుమేహం లేకుండా ఈ మందులు మొదలుపెట్టినవారిలో దాదాపు 65 శాతం మంది ఏడాదిలోపే ఆపేశారు. కారణాలు అందరికీ తెలిసినవే: ఖర్చు, వికారం, వాంతులు, మలబద్ధకం, అనుకున్నంత తగ్గామన్న తృప్తి. ఇంతమంది ఆపేస్తున్న మందును రాసిచ్చే రోజున, ఆపడం గురించి ఒక్క మాటైనా మాట్లాడకపోవడం నాకు సరికాదనిపిస్తుంది.

ఆపితే ఏమవుతుందో ఊహించే అవసరం లేదు, ఇప్పటికే కొలిచి చూశారు. స్టెప్ 1 అనే పరీక్షలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. పరీక్ష ముగిశాక పాల్గొన్నవారిలో 327 మందిని, మందుతోపాటు ఆహార, వ్యాయామ సలహాలు కూడా ఆపేసి, మరో ఏడాది గమనించారు. ఆ గుంపులో మందు వాడినవారు ఆపే నాటికి సగటున 17.3 శాతం తగ్గి ఉన్నారు. ఏడాది తిరిగేసరికి అందులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసి, నికరంగా 5.6 శాతం తగ్గుదల మాత్రమే మిగిలింది. వంద కిలోల మనిషి 83 కిలోలకు దిగి, మళ్లీ 94 దాటినట్టన్నమాట. రక్తపోటు, రక్తంలో చక్కెర వంటి వాటిలో కనిపించిన మెరుగుదల కూడా చాలావరకు వెనక్కి మళ్లింది.

సర్మౌంట్ 4 అనే పరీక్షను మరింత జాగ్రత్తగా రూపొందించారు. అందులో అందరూ మొదట 36 వారాలు టిర్జెపటైడ్ తీసుకుని సగటున 20.9 శాతం తగ్గారు. ఆ తర్వాత 670 మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు కొనసాగించి, రెండో గుంపుకు వారికి తెలియకుండా ఉత్తుత్తి సూది ఇచ్చారు. తర్వాతి 52 వారాల్లో మందు కొనసాగినవారు ఇంకో 5.5 శాతం తగ్గగా, ఆగిపోయినవారు 14 శాతం పెరిగారు. తమకు మందు ఆగిందో లేదో ఎవరికీ తెలియదు, సలహాలు అందరికీ ఒక్కటే అందాయి, అయినా ఒక గుంపు పెరిగి ఇంకో గుంపు తగ్గింది. ఒక గుంపులో అందరికీ ఒకేసారి నిగ్రహం పోయిందని నమ్మడం కష్టం. అయితే ఇదే పరీక్షలో మరో అంకె ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. మందు ఆగినవారిలో దాదాపు ఆరింట ఒక వంతు మంది, తగ్గిన బరువులో కనీసం 80 శాతాన్ని ఏడాది తర్వాత కూడా నిలుపుకున్నారు. సగటు చెప్పే కథ అందరి కథా కాదు కాబట్టి, మందు ఆపితే బరువు పూర్తిగా వచ్చి తీరుతుందని భయపెట్టడమూ తప్పే, కొంచెం జాగ్రత్తపడితే ఏమీ రాదని భరోసా ఇవ్వడమూ తప్పే.

2026 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల సమీక్ష 37 అధ్యయనాలను, తొమ్మిది వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసి, బరువు తగ్గించే మందులు ఆపినవారు సగటున నెలకు 0.4 కిలో చొప్పున పెరుగుతున్నారని తేల్చింది. ఆహార నియమాలతో, వ్యాయామంతో తగ్గి ఆ కార్యక్రమాన్ని మానేసినవారి కంటే ఇది వేగంగా జరుగుతోంది. దీనికి ఒక కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. పథ్యంతో తగ్గిన మనిషి ఆకలిని ఎదుర్కొంటూ, పెళ్లి భోజనాన్నీ పండగ పిండివంటల్నీ దాటుకుంటూ, నెలల తరబడి కొన్ని అలవాట్లు నేర్చుకుంటాడు. మందుతో తగ్గిన మనిషికి ఆ ఆకలే ఎదురుపడలేదు, కాబట్టి దానితో ఎలా మెలగాలో నేర్చుకునే అవసరమూ రాలేదు.

శరీరం ఇలా ఎందుకు చేస్తుందన్నది అసలు ప్రశ్న. మన శరీరం కొవ్వును భవిష్యత్తు కోసం దాచుకున్న ధాన్యంలా చూస్తుంది. గాదె ఖాళీ అవుతుంటే అది ఏ కారణంతో ఖాళీ అవుతోందో దానికి పట్టదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయని 1994లో కనుగొన్నారు. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరవు సూచనగా చదువుకుంటుంది, జీర్ణాశయం నుంచి వచ్చే ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి. మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, సగటున 13.5 కిలోలు తగ్గించి, ఏడాది తర్వాత మళ్లీ రక్తపరీక్షలు చేస్తే, ఈ హార్మోన్లు ఇంకా పాత స్థితికి చేరలేదని తేలింది. 2011లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, బరువు తగ్గిన ఏడాదికి కూడా శరీరం ఆకలి గంట మోగిస్తూనే ఉంది.

ఈ ఒత్తిడి ఎంతో లెక్కగట్టినవారూ ఉన్నారు. అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. అదే సమయంలో ఆకలి మాత్రం కిలోకు దాదాపు 100 కేలరీల చొప్పున పెరుగుతుంది. పది కిలోలు తగ్గిన మనిషికి ఖర్చు 200 నుంచి 300 కేలరీలు పడిపోతే, ఆకలి మునుపటికంటే వెయ్యి కేలరీలు ఎక్కువ తినమని తొందరపెడుతుంది. వెయ్యి కేలరీలంటే ముప్పావు కిలో వండిన అన్నం. జీవక్రియ మందగించడం గురించి మనం ఎక్కువగా మాట్లాడుకుంటాం, కానీ అసలు బలం ఆకలిదే, మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఆ తొందర పండగ రోజుకో సెలవు రోజుకో పరిమితం కాదు. ప్రతి పూటా, తెలిసీ తెలియకుండా, వడ్డించుకునే గరిటెను ఇంకొంచెం నిండుగా ముంచేలా చేస్తుంది. దీనికి తోడు, కొవ్వు కణాల్లోని జన్యువుల మీద స్థూలకాయం వదిలిన గుర్తులు బరువు తగ్గాక కూడా చెరిగిపోవని జ్యూరిచ్ శాస్త్రవేత్తలు 2024లో చూపారు. అలాంటి గుర్తులున్న ఎలుకలకు మళ్లీ కొవ్వు ఆహారం పెడితే అవి మిగతా వాటికంటే వేగంగా బరువెక్కాయి.

ఈ మందులు చేసే పని సరిగ్గా ఆ ఆకలి గంటను అణచి ఉంచడమే. మనం తిన్నప్పుడు పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. దాన్ని వారం రోజులు నిలిచేలా మలిచినదే సెమాగ్లుటైడ్. టిర్జెపటైడ్ దానితోపాటు మరో పేగు హార్మోన్ పనిని కూడా చేస్తుంది. ఇవి మెదడులోని ఆకలి కేంద్రాల మీద పనిచేస్తాయి, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. మందు ఉన్నంతకాలం శరీరం తక్కువ బరువును ఒప్పుకుంటుంది, మందు పోగానే పాత బరువునే తనదిగా భావిస్తుంది. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగిందని రోగిని ఎవరూ నిందించరు, మాత్ర పనిచేయలేదనీ అనరు. బరువు విషయంలో మాత్రం మన సమాజం ఆ న్యాయాన్ని పాటించదు.

ఇక ఏం చేయగలమన్న విషయానికి వద్దాం. అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం డెన్మార్క్ నుంచి వచ్చింది, దాని గురించి కొంచెం విడమరచి చెప్పాలి. కోపెన్‌హేగన్ పరిశోధకులు 195 మందికి ఎనిమిది వారాలు తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి సగటున 13.1 కిలోలు తగ్గించారు. తర్వాత వారిని నాలుగు గుంపులు చేశారు: ఒక గుంపుకు లిరాగ్లుటైడ్ అనే, ఇదే కుటుంబానికి చెందిన పాత మందు, రెండో గుంపుకు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం, మూడో గుంపుకు రెండూ, నాలుగో గుంపుకు ఉత్తుత్తి మందు. ఏడాది తర్వాత అన్నీ ఆపేశారు. మందు లేదు, శిక్షకులూ లేరు. మరో ఏడాది గడిచాక 109 మందిని మళ్లీ పరీక్షిస్తే, మందు మాత్రమే వాడినవారు ఆపిన తర్వాత, వ్యాయామం మాత్రమే చేసినవారి కంటే సగటున ఆరు కిలోలు ఎక్కువ పెరిగారు. మందుతోపాటు వ్యాయామం కూడా చేసినవారిలో, మొదటి బరువులో పదో వంతు తగ్గుదలనైనా నిలుపుకున్నవారు ఉత్తుత్తి మందు గుంపుకంటే బాగా ఎక్కువ.

ఇది చిన్న అధ్యయనం, మందు కూడా ఇప్పటి మందులంత బలమైనది కాదు. అయినా దీనిలో నాకు ముఖ్యంగా తోచే సంగతి ఒకటుంది. వ్యాయామం బరువు తగ్గించడంలో బలహీనమైన సాధనమే, తగ్గిన బరువును కాపాడటంలో మాత్రం బలమైనది. ఈ రెండు పనులనూ ఒకే కొలతతో కొలిచి, నెల రోజులు నడిచినా కిలో తగ్గలేదని వ్యాయామాన్ని వదిలేస్తున్నాం. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, కనీసం 13 కిలోలకు పైగా తగ్గి ఏడాదికి మించి నిలుపుకున్నవారు పది వేల మందికి పైగా నమోదయ్యారు. వారిలో ఎక్కువమంది రోజుకు సగటున గంటసేపు శారీరక శ్రమ చేస్తారు, మూడొంతుల మంది కనీసం వారానికొకసారి బరువు చూసుకుంటారు. గంట అంటే ఎక్కువే. అందుకే దాన్ని మందు ఆపిన రోజున మొదలుపెట్టడం సాధ్యం కాదు. మందు ఆకలిని అణచి, మోకాళ్ల మీద భారం తగ్గించి, ఒంట్లో తేలిక తెచ్చిన నెలల్లోనే దాన్ని అలవాటుగా స్థిరపరచుకోవాలి. ఆ నెలలు అప్పుగా దొరికిన సమయం.

నడక ఒక్కటే చాలదు. ఈ మందులతో తగ్గే బరువంతా కొవ్వు కాదు; పరీక్షల్లో కొలిచి చూస్తే తగ్గిన దానిలో పావు వంతు నుంచి దాదాపు 40 శాతం వరకు కండ తదితర కొవ్వేతర భాగం. వయసు మీరినవారిలో బరువు తిరిగి వచ్చేటప్పుడు కొవ్వు వచ్చినంతగా కండ రాదు కాబట్టి, తగ్గి పెరిగిన మనిషి పాత బరువుకే చేరినా మునుపటికంటే బలహీనంగా మిగిలే ప్రమాదముంది. మన వాళ్లలో కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువ అన్నది వైద్యులకు చాలాకాలంగా తెలిసిన విషయమే. భారతీయులకు బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి బరువును చూసే అంకె) 25 దాటగానే స్థూలకాయంగా లెక్కించేది అందుకే. కాబట్టి వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడం, రబ్బరు పట్టీలు లాగడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం వంటి కండకు పని పెట్టే వ్యాయామం, అరవై దాటిన అమ్మమ్మకైనా, మందు మొదలైన నెల నుంచే ఉండాలి. జిమ్ ఉంటే మంచిదే, లేకపోతే ఇల్లు చాలు.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి, ఇక్కడే మన కంచం బలహీనత బయటపడుతుంది. దేశవ్యాప్తంగా జరిగిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం భారతీయుల ఆహారంలో శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది, మాంసకృత్తుల నుంచి వచ్చేది 12 శాతం మాత్రమే. ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఆరోగ్యవంతులకు సూచించిన పరిమాణం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. బరువు తగ్గుతున్నప్పుడు కండ నిలుపుకోవడానికి కిలోకు 1.2 గ్రాముల దాకా అవసరమని చాలామంది నిపుణులు చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా పెంచకూడదు. మందు వాడేటప్పుడు ఆకలి లేక నాలుగు ముద్దలు చారన్నం, మజ్జిగన్నం తిని లేచేవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది, ఎందుకంటే ఆ నాలుగు ముద్దల్లో మాంసకృత్తులు దాదాపు లేవు. చారులోనూ పులుసులోనూ వెతికినా దొరకవు. గుడ్డులో ఆరు గ్రాములు, వండిన వంద గ్రాముల చికెన్‌లో లేదా చేపలో 20 గ్రాములకు పైగా, 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాములు ఉంటాయి. గట్టిగా వండిన ముద్దపప్పు, పెసరట్టు, శనగ గుగ్గిళ్లు, గట్టి పెరుగు శాకాహారులకు ఆధారం. అన్నంలోకి కూర అన్న లెక్కను కూరలోకి అన్నం అని తిరగరాసి, కంచంలో ముందుగా పప్పు, కూర, గుడ్డు పెట్టుకుని, మిగిలిన చోటులోనే అన్నం వడ్డించుకోవడం మందు ఉన్న రోజుల్లో సులభం. అదే పని, ఆకలి తిరిగి వచ్చాక మొదలుపెట్టాలంటే చాలా కష్టం.

ఆపే పద్ధతి గురించి కూడా ఆలోచించాలి. ఒక్కసారిగా ఆపడం కంటే మోతాదును నెలల మీద మెట్టుమెట్టుగా తగ్గించడం మేలని చాలామంది వైద్యులు భావిస్తున్నారు. దీనికి ఇంకా గట్టి రుజువులు లేవు గానీ, ఆకలి ఏ మెట్టు దగ్గర తిరిగి వస్తోందో తెలుసుకునే అవకాశం ఇందులో ఉంది, కొందరికి తక్కువ మోతాదే చాలునని అప్పుడే తెలియవచ్చు. బరువు వారానికొకసారి, ఒకే రోజున, ఉదయం కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చూసి రాసుకోవాలి, నడుము చుట్టుకొలత నెలకొకసారి కొలవాలి. ఎంత పెరిగితే వైద్యుడి దగ్గరికి వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. రెండు మూడు కిలోల గీత నాకు సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే మూడు కిలోలను వెనక్కి తేవడం సాధ్యమే, పదిహేను కిలోలు వచ్చేవరకు సిగ్గుతో దాక్కున్నవారికి మళ్లీ మొదటి మెట్టే దిక్కవుతుంది.

మధుమేహం, బీపీ ఉన్నవారు మరొక విషయం మరచిపోకూడదు. బరువు తగ్గుతున్నప్పుడు వైద్యుడు తగ్గించిన బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, సూది ఆపాక మళ్లీ అవసరం కావచ్చు, కాబట్టి ఆపిన రెండు మూడు నెలల్లో పరీక్షలు చేయించుకోవాలి. ఆ సందర్భంలో ఇన్సులిన్‌ గానీ, సల్ఫోనిల్ యూరియా రకం మాత్రలు గానీ పెంచితే అవి స్వయంగా బరువు పెంచుతాయి; మెట్‌ఫార్మిన్ వంటివి పెంచవు. ఈ తేడాను వైద్యుణ్ణి అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.

అందరూ మందు ఆపాలన్న నియమం ఏదీ లేదని కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు స్థూలకాయాన్ని దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తించి, ఈ మందులను దీర్ఘకాలం వాడవచ్చని షరతులతో సూచించాయి. గుండె జబ్బు, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారికి, మందు పడుతున్నప్పుడు, భరించగలిగినంత కాలం కొనసాగించడమే చాలా సందర్భాల్లో మంచిది. ఆపక తప్పని సందర్భాలూ ఉన్నాయి. గర్భం కోరుకునే స్త్రీలు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే, టిర్జెపటైడ్‌ను కనీసం ఒక నెల ముందే మానాలి. వారికి ఆ నెలల్లో బరువు కొంత పెరగవచ్చని ముందే చెప్పి, ఆహారం, వ్యాయామాల విషయంలో తోడుండటం వైద్యుల బాధ్యత, కుటుంబం బాధ్యత కూడా.

చివరిగా, ఆపిన మందును మళ్లీ మొదలుపెట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. కొన్ని వారాలు మానేశాక, ఫ్రిజ్‌లో మిగిలిన పెన్నును తీసి పాత పెద్ద మోతాదునే సొంతంగా వేసుకుంటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గిపోవడం వంటివి తలెత్తవచ్చు, ఎందుకంటే మెల్లగా అలవాటుపడిన కడుపు ఆ అలవాటును ఈలోపు పోగొట్టుకుంటుంది. విరామం ఎన్ని వారాలో వైద్యుడికి చెప్పి, ఆయన సూచించిన మోతాదు నుంచే మొదలుపెట్టాలి. ఎక్కువ కాలం మానేసి ఉంటే అది సాధారణంగా మొట్టమొదటి చిన్న మోతాదే అవుతుంది.